పెర్ల్ ఎవరి వైపు పరిగెత్తింది

కుక్కల పనంటే వేళకింత తిండి పెట్టి, ఒళ్ళు దువ్వి, గొలుసు పట్టుకుని తిప్పడమే అనుకునేవాళ్ళు ఈ కాగితాలు పక్కన పెట్టేయొచ్చు. అదంతా బుద్ధి ఉన్నవాడికెవడికైనా కొద్దిరోజుల్లో పట్టుబడుతుంది. ఏ కుక్కకి ఎంత మాంసం, ఏ జబ్బుకి ఏ మందు అన్నవి దొరల పుస్తకాల్లో ఉన్నాయి. కానీ ఈ పనిలోకి దిగిన మనిషికి పట్టే జబ్బు ఒకటుంది, దాని సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. మర్యాదస్తులు దాన్ని అసూయ అంటారు. రంగూన్‌లోని మా పజుండౌంగ్ పేటలో కుళ్ళు అంటారు. పని చేసినన్నాళ్ళూ నాకు అది ఉంది.

ఉండదా మరి? కుక్క మనది కాదు. దానికి తిండి పెట్టేది మనం, చెవుల్లో గోమార్లు ఏరేది మనం, కడుపు చెడితే కడిగేది మనం. సాయంత్రం దొర మోటారు గేట్లోకి రాగానే మన చేతిలోంచి గొలుసు లాక్కుని వెళ్ళి ఆయన మీదకి ఎగురుతుంది. ఆయన దాని తల తట్టి, టోపీ తీసి నౌకరు చేతికిచ్చి, లోపలికి వెళ్ళిపోతాడు. చీమలు పెట్టిన పుట్టలు పాములకి ఇరవైనట్టు. మొదట్లో ఆ పూట నాకు అన్నం సహించేది కాదు.

మావాళ్ళు రంగం అనే రంగూన్‌కి నేను వచ్చింది బియ్యం మిల్లులో బస్తాలు మోయడానికి, మా మేనమామ వెంట. మిల్లు మేనేజరు దొర దగ్గర వేటకుక్కలుండేవి. ఆయన ఒకరోజు వాటితో మిల్లుకి వచ్చినప్పుడు ఒకదాని కాల్లో గాజుపెంకు దిగింది. దగ్గరికి పోతే కరుస్తుందని అందరూ నిలబడిపోయారు. మా ఊళ్ళో మేకల్ని కాసినవాణ్ణి కాబట్టి దాని మూతి చంకలో ఇరికించుకుని పెంకు లాగేశాను. మర్నాటి నుంచి నాకు బస్తాలు తప్పాయి. బంగళా వెనక ఒక గది ఇచ్చారు. జర్మనీ యుద్ధం ముగిసిన తర్వాతి ఏళ్ళవి.

కంటితో వేటాడే జాతి

మా దొరకి ముక్కుతో వెతికే కుక్కలు నచ్చవు. ఆయన పెంచినవన్నీ కంటితో వేటాడేవి. రెండు గ్రేహౌండ్లు, ఒక రాంపూర్ కుక్క. సన్నటి నడుము, లోతైన రొమ్ము, పొడుగు కాళ్ళు. ఇంట్లో ఉన్నంతసేపూ సోమరిపోతులు. దూరాన ఏదైనా కదిలిందంటే మాత్రం కళ్ళు అక్కడ అతుక్కుంటాయి, చెవులు మూసుకుపోతాయి. ఆ తర్వాత పేరు పెట్టి పిలిచినా, ఈల వేసినా, బతిమాలినా లాభం లేదు.

ఇది నాకు పబేడాన్ బజారులో తెలిసింది. సుల్తాన్ అనే రాంపూర్ కుక్కని పశువుల డాక్టరు దగ్గరికి నడిపించుకు పోతున్నాను. మంచి కుక్కని పట్టుకున్నానని నలుగురూ నన్ను చూస్తున్నారు, వాళ్ళు చూస్తున్నారా లేదా అని నేను వాళ్ళని చూస్తున్నాను. సుల్తాన్ పిల్లిని చూసింది. నేను బోర్లా పడ్డాను, గొలుసు మణికట్టుకి చుట్టుకుని ఉండటంతో ఊ ఫో లా అనే బర్మా ఆయన టీ దుకాణం దాకా నన్ను ఈడ్చుకుపోయింది. బల్ల తిరగబడింది, కప్పులు పగిలాయి. ఊ ఫో లా పెద్దాయన. తిట్టలేదు. నన్ను లేపి కూర్చోబెట్టి, తనకొచ్చిన తెలుగులో, "కుక్క ఎటు చూస్తే నువ్వు అటు చూడాల. నువ్వు జనాన్ని చూస్తే ఎట్లా?" అన్నాడు. నా పనిలో నాకు దొరికిన పాఠాల్లో ఇంతకంటే పెద్దది లేదు. కుక్క కన్ను ఎక్కడ ఆగిందో దాని కాళ్ళకంటే ముందు మీరు చూడాలి. చూసి, మెల్లిగా దాని మొహం ఇటు తిప్పాలి. అది కదిలాక పిలవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఆయన అక్కడితో ఆగితే బాగుండేది. సుల్తాన్‌కి ఒక రొట్టెముక్క పెట్టాడు. అప్పటినుంచి ఆ కుక్క పబేడాన్‌లో అడుగుపెడితే చాలు, ఆ దుకాణం వైపు లాగేది. దానికి నేను ఎన్ని రొట్టెలు పెట్టి ఉంటానో.

మా దొర గురించి ఒక మాట

మంచివాడా అంటే కుక్కలకి మంచివాడు. కుక్కని కొట్టినవాణ్ణి ఆ పూటే పనిలోంచి తీసేసేవాడు. నేలమీద చతికిలబడి వాటి ఎముకలూ కీళ్ళూ ఒక్కొక్కటే తడిమి చూసుకునేవాడు. మనుషుల దగ్గరకొచ్చేసరికి మొహం గోడ. నా పేరు పైడయ్య అని ఆయనకి తెలుసని నాకు చాలాకాలం నమ్మకం లేదు. ఏ ఊరివాడో, ఎవరి బిడ్డో ఎన్నడూ చెప్పుకునేవాడు కాదు. తోటి దొరలు క్లబ్బులో తమ చదువుల గురించీ ఎస్టేట్ల గురించీ మాట్లాడుకుంటుంటే ఈయన లేచి కుక్కల దగ్గరికి వచ్చేసేవాడు. అలాంటి యజమానుల దగ్గర పని నేర్చుకోవడానికి బాగుంటుంది. మెప్పు మాత్రం ఆశించకండి.

వానలో దిగిన పిల్ల

పెర్ల్ వానాకాలం నడిమధ్య ఓడ దిగింది. విప్పెట్ జాతి ఆడపిల్ల. గ్రేహౌండ్‌ని చూసి, దాన్ని మడిచి సంచీలో పెట్టుకోవచ్చనుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. బూడిదరంగు ఒళ్ళు, రొమ్ము మీద చారెడు తెలుపు. ఎముకకీ చర్మానికీ మధ్య కొవ్వన్నది లేదు. బుట్ట మూత తీసేసరికి ఒణికిపోతోంది. కుక్కల కొట్టంలో గడ్డి చెమ్మగిల్లింది. ఎక్కడ పెట్టుకుంటావో నాకు తెలియదు, వెచ్చగా ఉండాలి అన్నాడు దొర.

నా గదికి తీసుకెళ్ళాను. ఇక్కడ నా భార్య అప్పలనరస గురించి చెప్పాలి. కుక్కల్ని ముట్టుకున్నవాణ్ణి నీళ్ళు పోసుకోకుండా గుమ్మం దాటనిచ్చేది కాదు. కుక్కలంటే భయం కాదు, అసహ్యమూ కాదు, ఇంటికి అదొక కట్టుబాటు. అలాంటి మనిషి ముందుకి నేను కుక్కపిల్లని చొక్కాలో దాచుకుని వచ్చాను. ఆమె పెట్టెలోంచి ఒక బొంత తీసి మూలన పరిచింది. మన ఇళ్ళలో పాత కోకకి చావు లేదని మీకు తెలుసు. చిరిగితే ఉయ్యాల, ఇంకా చిరిగితే బొంత, ఆపైన మసిగుడ్డ. ఆ బొంత ఆమె నీలిరంగు నేత కోకలతో కుట్టింది. పిల్ల అందులో దూరి, ముక్కు కూడా కనపడకుండా పడుకుంది.

విప్పెట్ పిల్లని పెంచడం గురించి రెండు ముక్కలు. దానికి తడి పడదు. వానలో బయటికి రమ్మంటే గుమ్మంలో నిలబడి, ఒక కాలెత్తి, మన మొహం వైపు చూస్తుంది. నేను బర్మా కాగితపు గొడుగు దాని మీద పట్టి పెరట్లో తిప్పేవాణ్ణి. గొడుగు దానికి, వాన నాకు. పళ్ళొచ్చే రోజుల్లో చెప్పులు, తాళ్ళు, చీపురు ఏదీ మిగల్చదు. రోజుకొకసారి దానికి పిచ్చి పడుతుంది. పెరడంతా గుండ్రంగా తిరుగుతూ దుమ్ము లేపి, ఉన్నట్టుండి ఆగి, పడి నిద్రపోతుంది. ఆ పిచ్చిని ఆపకండి. ఎముకలు గట్టిపడే వయసులో గట్టినేల మీద ఎక్కువ దూరం పరిగెత్తించకండి. ఇంకొకటి, ఒంటరిగా పడుకోబెట్టకండి. కాపలాకి పనికొచ్చే జాతి కాదిది, మనిషికి ఆనుకుని ఉండే జాతి.

ఆ చివరి మాటే నా కొంప ముంచింది. అది ఆనుకోవడానికి ఎంచుకున్న మనిషి అప్పలనరస.

నేను ఎముకలు ఉడికించిన నీళ్ళలో అన్నం మెత్తగా కలిపి, మాంసం సన్నగా కోసి పెట్టేవాణ్ణి. తినేది. తిని, మూతి నా పంచెకి తుడుచుకుని, పోయి ఆమె ఒళ్ళో ఎక్కేది. ఆమె బియ్యం ఏరుతుంటే చేట పక్కన, ఆమె చారు పోపు పెడుతుంటే పొయ్యికి ఇవతల. పెర్ల్ అంటే ముత్యమని ఆమెకి నేనే చెప్పాను. ఆ రోజు నుంచి ముత్తేలు అని పిలవడం మొదలెట్టింది. నేను పెర్ల్ అంటే ఒక చెవి కదిలేది. ముత్తేలు అంటే లేచి వెళ్ళేది. ఒకసారి ఆమె దానికి ఎండుచేప తలకాయ పెడుతుంటే పట్టుకున్నాను. ఉప్పు పడదు, పేగులు చెడతాయి, దొరకి తెలిస్తే నా పని పోతుంది అని గట్టిగానే కేకలేశాను.

అప్పలనరస ఆ చేప తలకాయ తీసి పారేసింది. "ఎట్టనులే. నువ్వు ఎట్టింది తింటాది, నా కాడ కూకుంటాది. రెండూ నీకే గావాలంటే ఎలాగ మావా?" అంది.

నేను గుమ్మం దగ్గర కూర్చుని ఆ ఇద్దర్నీ చూస్తూ కుళ్ళుకున్నాను. రోజూ సాయంత్రం అదే నా పని అయింది. కుక్కల కొట్టానికి పోయి గ్రేహౌండ్లతో మాట్లాడుకోవచ్చు కదా, పోయేవాణ్ణి కాదు.

గుడ్డ పందెం

విప్పెట్ల పందెం కుందేలు వెనక కాదు, గుడ్డ వెనక. ఒక్కో కుక్కకి ఇద్దరు మనుషులు కావాలి. ఒకడు విసిరేవాడు, ఒకడు పిలిచేవాడు. విసిరేవాడు కుక్కని మెడమీది వదులు చర్మం ఒక చేత్తో, తోక మొదలు ఒక చేత్తో పట్టుకుని గీత దగ్గర నిలబడతాడు. పిలిచేవాడు మైదానం అవతలి కొసన గుడ్డ ఊపుతూ దాని పేరు అరుస్తాడు. తుపాకి పేలగానే విసిరేవాడు కుక్కని ముందుకి విసరాలి, అది నాలుగు కాళ్ళ మీదా పడగానే పరుగందుకోవాలి. అన్నిటికంటే ముందు తన గుడ్డని పళ్ళతో పట్టుకున్న కుక్క గెలిచినట్టు. ఎంత గొప్ప కాళ్ళున్నా, అవతల గుడ్డ ఊపేవాడి మీద ప్రేమ లేని కుక్క సగంలో ఆగిపోతుంది. అందుకని కుక్కకి ప్రాణమైనవాణ్ణే పిలవడానికి పెడతారు.

దొర ఇది చెప్పగానే పిలిచేవాణ్ణి నేనే అని నిశ్చయించుకున్నాను. ఆయనా అలాగే అన్నాడు. వానలు వెనకబట్టాక మొదలెట్టాం. ఆయన విసిరేవాడు, నేను పిలిచేవాణ్ణి. ఊపడానికి గుడ్డ కావాలి కదా. మూలనున్న బొంతలోంచి ఊడిన ఒక నీలి గుడ్డముక్క చేతికి దొరికింది, అదే తీసుకెళ్ళాను. పెర్ల్ బాణంలా వచ్చింది. వచ్చి గుడ్డ పట్టుకుని వేలాడింది, దాన్ని అలాగే గిరగిర తిప్పాను. రోజూ అంతే. ఇంటికొచ్చి అప్పలనరసతో, చూశావా, నా వైపు ఎలా వస్తుందో అని చెప్పుకునేవాణ్ణి. చెప్పుకోవడం ఎక్కువే అయింది. సరేనని ఆమె కూర కలబెట్టుకునేది.

పందెం మింగళాడోన్‌లో, కంటోన్మెంటు పక్క మైదానంలో. పనివాళ్ళందర్నీ లారీలో తీసుకెళ్ళారు. నా గొప్ప చూడాలని అప్పలనరసని నేనే రమ్మన్నాను. దొర నాకు కొత్త తెల్ల తువ్వాలు ఇచ్చాడు. తోటి దొరల ముందు ఆ మసిగుడ్డ ఏమిటన్నాడు. నాకూ నిజమే అనిపించింది.

తుపాకి పేలింది. నేను తువ్వాలు ఊపుతూ గొంతు చించుకుని అరిచాను. పెర్ల్ అన్నిటికంటే ముందుంది. సగం దాకా వచ్చి, వేగం తగ్గించి, తల తిప్పింది. తాడుకి అవతల ఆడవాళ్ళలో అప్పలనరస నిలబడి ఉంది, నీలిరంగు కోకలో, కొంగు గాలికి ఎగురుతూ. పెర్ల్ పక్కకి తిరిగి, మిగతా కుక్కల దారికి అడ్డం పడి, తాడు కింద దూరి, వెళ్ళి ఆమె చేతుల్లోకి ఎగిరింది. మైదానం అంతా నవ్వింది. తక్కిన బంగళాల కుక్కలవాళ్ళు ఇంకా ఎక్కువ నవ్వారు. నేను తువ్వాలు ఎక్కడ దాచుకోవాలో తెలియక మెడకి చుట్టుకున్నాను.

దొర అరవలేదు. వచ్చేవారం ఇంకో పందెం ఉంది, అప్పుడు కూడా సూటిగా పరిగెత్తకపోతే ఈ పిల్లని ఎక్కడో కొండల మీద మేమ్యోలో ఉన్న స్నేహితుడికి పంపించేస్తాను అన్నాడు. అన్నాడంటే పంపిస్తాడు. అంతకుముందు ఒక మంచి గ్రేహౌండ్‌ని అలాగే పంపించాడు.

ఎవరు పిలవాలి

తప్పు రంగుదని దొరకి చెప్పాను. నీలిగుడ్డకి అలవాటు చేశాను, తెల్లగుడ్డ ఇచ్చారు, నీలికోక కనపడింది, కంటితో వేటాడే జాతి కదా అని. ఆయన ఊఁ అన్నాడు. నాకు ఆ సమాధానం ఎంత నచ్చిందంటే ఇంటికొచ్చి పరీక్ష కూడా పెట్టాను. పెరట్లో ఒక పక్క నేను నీలిగుడ్డ ఊపుతూ నిలబడ్డాను. ఇంకో పక్క అప్పలనరస ఎర్రకోక కట్టుకుని, చేతిలో ఏమీ లేకుండా, అరుగు మీద కూర్చుంది. పిలవద్దన్నాను, పిలవలేదు. పెర్ల్ నా వైపు వచ్చి, గుడ్డని వాసన చూసి, ఆ గుడ్డ కట్టుకునే మనిషి ఏదీ అని వెతికినట్టు చుట్టూ చూసి, అరుగెక్కి ఆమె పక్కన కూర్చుంది. ఇన్నాళ్ళూ నేను ఆమె కోక ఊపి దాన్ని నా వైపు రప్పించుకుంటున్నాను. ఆమె లేనంతసేపే ఆ కోక పనిచేసింది.

తర్వాత చేసింది చెబితే నవ్వుతారు. అప్పలనరసని దానికి దూరంగా ఉండమన్నాను. పొరుగింటికి పంపించాను. పెర్ల్ తిండి మానేసి గుమ్మంలో పడుకుంది. మేపిన చెయ్యి నాది, దిగులు ఇంకొకరి మీద. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట్లోనే ఓడిపోయి ఉన్నాను. ఇంకో నాలుగు రోజులు పట్టుదలకి పోతే పిల్ల చిక్కిపోతుంది, మేమ్యో వెళ్ళిపోతుంది. అప్పుడది మా ఇద్దరికీ ఉండదు.

దొర దగ్గరికి వెళ్ళి, పిలవాల్సింది నేను కాదు, నా ఇంటిది అని చెప్పాను. ఆడమనిషి, అదీ పనివాడి పెళ్ళాం, దొరల పందెంలోనా అంటాడనుకున్నాను. ఆయన పైపు కింద పెట్టాడు. "మా ఊళ్ళో మా అమ్మే పిలిచేది. మా నాన్న బొగ్గు గనిలోంచి అలాగే మసితో వచ్చి విసిరేవాడు," అన్నాడు హిందుస్తానీలో. తర్వాత వెంటనే పైపు తీసుకుని, విసరడం నువ్వు నేర్చుకో, నా నడుము బాగాలేదు అన్నాడు. ఆయన నడుముకి ఏమీ కాలేదు.

ఇక అప్పలనరస. "నానా? మగోల్లందరి మద్దిన నిలబడి కేకలెయ్యాలా? సిగ్గు నేదేటి నీకు?" అంది. దొర ఆర్డరు అన్నాను. దొర వచ్చి అడగమను అంది. పిల్ల మేమ్యో పోతుందన్నాను. దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. చివరికి, నేనే అడుగుతున్నాను, రా అన్నాను. అలాగేలే అంది.

విసరడం

విసరడం కుక్కని తోయడం కాదు. గట్టిగా తోస్తే ముక్కు మీద పడుతుంది. ఎడమచేతిలో మెడ, కుడిచేతిలో తోక మొదలు, దాని బరువంతా వెనక్కి ఊగి ముందుకి వచ్చే క్షణంలో వదలాలి. మీ చేతుల కింద దాని గుండె కొట్టుకోవడం తెలుస్తుంది. అది మీ కోసం కొట్టుకోవడం లేదని కూడా తెలుస్తుంది.

రెండో పందెం నాడు అవతలి కొసన పిలిచేవాళ్ళంతా వరసగా నిలబడి గుడ్డలు ఊపుతున్నారు, ఈలలు వేస్తున్నారు. వాళ్ళ మధ్య అప్పలనరస చేతులు కట్టుకుని, తలదించుకుని నిలబడి ఉంది. గుడ్డ ఊపడం లేదు. పెర్ల్ మెడ అటూ ఇటూ తిరుగుతోంది, ఆ వరసలో ఆమెని పోల్చుకోలేకపోతోంది. తుపాకి ఎత్తారు. అయిపోయింది, మేమ్యోకే అనుకున్నాను. అప్పుడామె నడుముకి దోపిన కొంగు లాగి, తల మీదుగా ఎత్తి ఒక్క ఊపు ఊపింది. "ముత్తేలూ, రాయే," అని అరిచింది. అంత గొంతు ఆమెకి ఉందని ఆ రోజు దాకా నాకు తెలియదు. పెర్ల్ ఒళ్ళంతా బిగుసుకుంది.

నేను విసిరాను. నేను పెంచినదాన్ని నా చేతులతో ఇంకొకరి వైపు విసిరాను. లోపలున్న కుళ్ళంతా చేతుల్లోకి వచ్చినట్టుంది, ఆ తర్వాత అంత బాగా ఎప్పుడూ విసరలేదు. పెర్ల్ గీత గీసినట్టు వెళ్ళింది. రెండోదిగా వచ్చింది. సూటిగా వచ్చింది, దొరకి కావలసింది అదే. పిల్ల ఇక్కడే ఉంటుందిలే అని ఆయన నా వైపు చూడకుండానే చెప్పి వెళ్ళిపోయాడు.

ఈ పందెంలో విసిరినవాడు అందరికంటే ఆఖర్న చేరతాడు. మైదానం పొడుగూ నడుచుకుంటూ వెళ్ళేసరికి ఆమె గడ్డిలో కూర్చుని ఉంది, పెర్ల్ ఒళ్ళో రొప్పుతోంది.

"సక్కగా వొచ్చింది గదా. ఏటి మావా, మొకం అలాగెట్టినావు?" అంది.

దాచుకునే ఓపిక లేకపోయింది. పెంచింది నేను, అయింది నీది, కుళ్ళుగా ఉంది అని చెప్పేశాను.

ఆమె నవ్వలేదు. పెర్ల్ చెవి వేళ్ళతో సవరిస్తూ, "నాకూ ఉండీది," అంది. "పెల్లయ్యి రంగం వొచ్చిన కాన్నించీ సూస్తన్నాను. పొద్దు పొడిస్తే కుక్కలు, పొద్దు గూకితే కుక్కలు. వోటితో ఎన్ని కబుర్లు సెప్తావో. నాతోటి, కూడెట్టు, నీల్లు తోడు, అంతే. ఈ పిల్ల వొచ్చినప్పుడనుకున్నాను, దీన్ని నా కాడెట్టుకుంటే నువ్వు కూడా ఇక్కడే కూకుంటావు గదా అని. కూకున్నావు."

నిజమే. ఆ వానాకాలమంతా సాయంత్రాలు నేను గుమ్మం దాటి ఎక్కడికీ పోలేదు. కుక్కని చూస్తున్నానని అనుకున్నాను. ఆమె పక్కన గడ్డిలో కూర్చున్నాను. పెర్ల్ నా చెయ్యి ఒకసారి వాసన చూసి, మళ్ళీ ఆ ఒళ్ళోనే ముడుచుకుని కళ్ళు మూసుకుంది. అంతవరకూ నేను కుళ్ళుకున్నది అప్పలనరస మీద. ఆ రోజు నుంచి కుక్క మీద.